ఈజిప్టు దేశపు తొలిరాజులు: వారి క్రమము, కాలసంఖ్య

మా పాఠశాలలోని విద్యార్థి యొకఁడు గ్రంథాలయమునుండి మూఁడు చరిత్రగ్రంథములను దెచ్చి నా ముందుంచి, ఈజిప్టు దేశమునకు మొదటి రాజని చెప్పఁబడు మెనేసు ఏ సంవత్సరమున రాజ్యమునకు వచ్చెనని యడిగెను. ఒక గ్రంథమున క్రీ. పూ. 5004 అనియు, ఇంకొకదాన 3400 అనియు, మూఁడవదాన సుమారు 3100 అనియు నున్నది. మొదటిది మారియెట్ అను ఫ్రెంచి పండితుని మతము. రెండవది బ్రెస్టెడ్ అను నమెరికా పండితునిది. మూఁడవది నేఁటి గ్రంథములలోఁ దఱచుగాఁ గానవచ్చునది. వీరిలో నెవ్వరును సామాన్యులు గారు. అయినను ఒకే రాజు పట్టాభిషేకమును పందొమ్మిదివందల యేండ్ల యంతరముతోఁ జెప్పుచున్నారు. నేను వ్యాకరణము చదివినవాఁడను. చరిత్ర నేను గురుముఖమున నేర్చిన విద్య కాదు. కాఁబట్టి యప్పటికి "చూచి చెప్పెద" నని తప్పించుకొంటిని. తరువాతఁ గొన్ని నెలలు చదివి తెలిసికొన్నదానిని, నావలెనే పాఠశాలలలో నిట్టి ప్రశ్నల కుత్తరము చెప్పవలసిన పండితుల కుపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాను.

ఈ విషయమున మొదట విడఁదీసి చూడవలసినవి రెండున్నవి. ఎవరి తరువాత నెవరు రాజ్యము చేసిరనుట క్రమము. ఎవ రేయేఁట రాజ్యము చేసిరనుట సంఖ్య. క్రమము తెలిసినంతమాత్రమున సంఖ్య తెలియదు; సంఖ్య తెలియవలెనన్న ముందుగాఁ గ్రమము తెలిసియుండవలెను. పందొమ్మిదవ శతాబ్దపు పండితులు రెంటిని నొక్కచోటనే, అనఁగా రాజుల పట్టికలనుండియే, రాఁబట్టఁజూచుటచేత నింత చిక్కు కలిగినది. మొదటి వంశమునకు సంబంధించినంతవఱకు నేఁడు క్రమము స్థిరపడినది. సంఖ్యకు హద్దులు మాత్రమే యేర్పడినవి. ఈ భేదమును జెప్పకుండ బాలురచేత నొక్క యంకెను గంఠస్థము చేయించుట తగదని నా యభిప్రాయము.

పట్టికలలో మిక్కిలి ప్రసిద్ధమైనది మనేథో అను నర్చకునిది. ఇతఁడు క్రీ. పూ. 3వ శతాబ్దమున, టాలమీ వంశీయులగు గ్రీకురాజుల యేలుబడిలో, స్వదేశచరిత్రమును గ్రీకుభాషలో రచించెను. నేఁటికిని జరిత్రకారులు వాడుచున్న వంశవిభాగ మాతనిదే. ఆ గ్రంథము నశించినది. జోసీఫసు అను యూదు చరిత్రకారుఁడు కొన్ని భాగముల నుదాహరించెను. ఆఫ్రికానసు, యూసీబియసు అను క్రైస్తవ రచయితలు దాని సంగ్రహమును దమ గ్రంథములలోఁ జేర్చుకొనిరి. వారి పాఠములు మనకు ముఖ్యముగా క్రీ. శ. 800 ప్రాంతమున నుండిన సింకెల్లసు అను సన్న్యాసి వ్రాఁతలవలనఁ దెలియుచున్నవి. ఇన్ని చేతులు మాఱిన యంకెల గతి యేమగునో తాళపత్రప్రతులను బరిశీలించినవారికిఁ జెప్ప నక్కఱలేదు. మొదటి వంశమున నెనమండుగురు రాజులని యిరువురును జెప్పిరి. మొత్తము కాలము ఆఫ్రికానసు పాఠమున 253 ఏండ్లు, యూసీబియసు పాఠమున 252. ఇది స్వల్పము. కాని రెండవరాజగు అథోథిసు రాజ్యకాల మొకదాన 57, ఇంకొకదాన 27. రెండవ వంశపు మొత్త మొకదాన 302, ఇంకొకదాన 297. మన పురాణములలోని భవిష్యద్రాజవర్ణనమును జూచినవారి కిది వింత గాదు. మత్స్యపురాణ మాంధ్రరాజులకు 460 ఏండ్లు చెప్పుచుండఁగా, వాయుపురాణమున రాజుల పేళ్లే తక్కువ.

మనేథో 30 వంశములను బేర్కొనెను. అవి యన్నియు నొకదానివెనుక నొకటి నడచినట్లుగాఁ గూడినచో షాంపోలియన్-ఫిజాక్ చెప్పిన 5867 గాని, మారియెట్ చెప్పిన 5004 గాని వంటి సంఖ్యలు వచ్చును. దేశము చీలియున్న కాలములలోఁ గొన్ని వంశములు వేర్వేఱుచోట్ల నొకేకాలమున నేలినవని గ్రహించి తగ్గించినచో లెప్సియసు చెప్పిన 3892 వచ్చును. ఇందు భేద మంకెలది కాదు, అన్వయముది. ఒకే వాక్యమును వేర్వేఱుగా నన్వయించిన వ్యాఖ్యాతలవంటివారు వీరు.

నక్షత్రముచేఁ గాలము కట్టు మార్గ మింకొకటి కలదు. ఈజిప్టువారి వ్యవహారసంవత్సరమునకు 365 దినములు. నాలుగేండ్ల కొకమాఱు చేర్చు నధికదినము వారికి లేదు. కాఁబట్టి వారి సోథిసు, అనఁగా మన లుబ్ధకనక్షత్రము, సూర్యోదయమునకు ముందు తూర్పునఁ దొలిసారి కనఁబడు దినము నాలుగేండ్ల కొక దినము చొప్పున జరుగుచుఁ బోయి 1460 ఏండ్లకు మరల సంవత్సరాదికి వచ్చును. అట్టి కూడిక క్రీ. శ. 139లో జరిగినట్లు సెన్సోరినసు అను రోమను రచయిత వలనఁ దెలియును. అచ్చటినుండి 1460 చొప్పున మూఁడు సారులు వెనుకకుఁ బోయినచో క్రీ. పూ. 4241 వచ్చును. పంచాంగ మా యేఁటనే యేర్పడెనని ఎడ్వర్డు మేయర్ ఊహింపఁగా, బ్రెస్టెడ్ దానిని జరిత్రలో నిశ్చితమైన తొలి సంవత్సరముగా గ్రంథస్థము చేసెను. లెక్కలో దోషము లేదు. పంచాంగ మట్టి కూడికనాఁడే పుట్టి తీరవలెనను నూహకు సాక్ష్యము లేదు. నేఁ డా మతమును బండితులు విడిచిరి. పాతపుస్తకములలో మాత్ర మది యింకను నిలిచియున్నది.

ఇఁక స్వదేశీయములైన యాధారములను జూతము. వానిలోఁ బ్రాచీనమైనది పలెర్మో ఱాయి. ఇది సిసిలీ ద్వీపమందలి పలెర్మో నగర ప్రదర్శనశాలలో నున్న నల్లఱాతిపలక తునుక. దీనికి సంబంధించిన మఱికొన్ని తునుకలు కైరోలోను, ఒకటి లండనులోను గలవు. ఐదవ వంశమువఱకుఁ గల రాజుల వర్షచరిత్ర మిందు గడులుగడులుగాఁ జెక్కఁబడినది. ఒక్కొక్క గడి యొక్కొక్క సంవత్సరము. గడికి గడికి నడుమ వంగిన యీతయీనెవంటి గుఱుతు. వారి లిపిలో నదియే సంవత్సరమునకు సంకేతము. ఆ కాలమున సంవత్సరములకు సంఖ్య లేదు, పేరు మాత్రమే. ఏయుత్సవము జరిగినది, ఏ దేవతాప్రతిమ చేయఁబడినది, పశుగణన మెప్పుడు జరిగినది అనునవే సంవత్సరనామములు. క్రొత్తరాజు మొదటి సంవత్సరము "రెండుదేశముల కూడిక, కుడ్యప్రదక్షిణము" అను పేరఁ గనఁబడును. గడి క్రింద నా యేఁటి నైలునది వఱద మూరలలోను, బెత్తెలలోను, వ్రేళ్లలోను గలదు. ఇంతటి శ్రద్ధతో వ్రాసిన పలక పగిలిపోవుటచేత మొదటి వంశపు రాజులలోఁ బలువురి పేళ్లు పోయినవి. అయినను గైరో తునుకయందు సెమెర్ఖెత్ అను నేడవరాజు కాలమంతయు నిలిచియున్నది. గడులను లెక్కింపఁగా నతని రాజ్యము సుమారు ఎనిమిదిన్నర సంవత్సరములు. మనేథో యతనికి 18 ఇచ్చెను. ట్యూరిన్ పాపిరసులో 72 ఉన్నది! పట్టికల సంఖ్యల నెంతవఱకు నమ్మవచ్చునో యీ యొక్కయుదాహరణముచేఁ దెలియును.

ఆ ట్యూరిన్ పాపిరసు రెండవ రామ్సెసు కాలపుది. పన్నుల లెక్కలు వ్రాసిన కాగితము వెనుకప్రక్క నెవఁడో లేఖకుఁడు రాజుల పేళ్లను, ఏండ్లు నెలలు దినములతో సహా, ఎత్తి వ్రాసికొనెను. అది పొడిపొడియై ఇటలీలోని ట్యూరిన్ నగరము చేరినది. తునుకల నారలను జూచి యతికిరి. అందొకచోట మెనినుండి యెనిమిదవ వంశాంతమువఱకు మొత్తము కట్టఁబడియున్నది: 949 ఏండ్లు; లోపించినవి 6; వెరసి 955. తన మాతృకలో నాఱేండ్లు లేవని లేఖకుఁడు తానే చెప్పుకొన్నాఁడు. లేనిచోట నూహించి పూరింపక "లోపము" అని వ్రాసిన యా యజ్ఞాతలేఖకునిపై నాకు గౌరవము కలిగినది. ఈ 955ను మరల నెత్తుకొందుము.

అబైడోసు క్షేత్రమున సేతి రాజు కట్టించిన దేవాలయపు గోడపై 76 నామములున్నవి. అందలి మొదటి యెనిమిదియు మొదటి వంశమువి: మెని, తెతి, ఇతి, ఇత, సెపాతీ, మెర్‌బియాప, సెమ్‌సు, కెబెహు. పేళ్లు స్పష్టముగనే యున్నవి. కాని సమాధులలో దొరకిన సమకాలికవస్తువులపై నీపేళ్లు తఱచుగాఁ గానరావు. అచ్చట నార్మెర్, అహా, జెర్, జెత్, దెన్ అను పేళ్లుండును. దీనికిఁ గారణ మొక్కొక్క రాజునకుఁ బెక్కుపేళ్లుండుట. డేగయెక్కిన రాజభవనపుఁ జట్రములో వ్రాయునది హోరసునామము; సమకాలికులు వాడిన దది. తరువాతివారు పట్టికలలోఁ జేర్చినది వేఱొక నామము. కాఁబట్టి పట్టికను, సమాధిని బొందించుట పర్యాయపదనిర్ణయమువంటి పని.

అందులో లిపిదోషములుకూడ నడ్డుపడును. దెన్ రాజు రెండవపేరు రెండు కొండనేలల గుఱుతులతో వ్రాయఁబడి "ఖాస్తీ" అని చదువఁబడును. ఎడారికొండల సీమకు సంబంధించినవాఁడని యర్థము. కాలక్రమమునఁ జిత్రలిపికి బదులు పాపిరసుపై గొలుసుకట్టు వ్రాఁత వాడుకలోనికి వచ్చినప్పుడు, కొండనేల గుఱుతును, మండలమును దెలుపు గుఱుతును బోలికచేఁ గలగాపులగమైనవి. తరువాతి లేఖకుఁడు "సెపాతీ", అనఁగా మండలసంబంధి, అని చదివెను. అదే సేతి గోడకెక్కినది. అదే గ్రీకున "ఉసఫైదోసు" అయ్యెను. గుఱుతు రెండుసారులు వ్రాయుట నిలిచినది, గుఱుతే మాఱినది. ప్రత్యయము నిలిచి ప్రకృతి మాఱిన పదమును జూచినట్లు నాకుఁ దోఁచినది. దెన్ అను పేరు మాత్రమే యెఱిఁగినవాఁడు ఉసఫైదోసును జూచి యీతఁ డాతఁడేయని యెన్నఁడైన ననుకొనునా?

ఈ చిక్కును విడఁదీసినవి మట్టిముద్దలపై నొత్తిన రెండు ముద్రలు. తొలిరాజుల శ్మశానము అబైడోసునకు సమీపమున నెడారిలో నున్నది. భక్తులు వేలయేండ్లు తెచ్చి పెట్టిన కుండల పెంకులు గుట్టలుపడియుండుటచే నరబ్బులు దానిని "ఉమ్మల్ కఆబ్", కుండలతల్లి, అందురు. అమెలినో 1890 తరువాత నచ్చటఁ ద్రవ్వి విలువైన వస్తువులను గొనిపోయెను. 1899 మొదలు 1901 వఱకుఁ బెట్రీ యాతఁడు విడిచిన మన్నునే మరల గాలించి, చిన్నముక్కనుగూడ విడువక, సమాధుల క్రమమును జాలవఱకు సరిగా నిర్ణయించెను. తరువాత జర్మను పురాతత్త్వసంస్థవారు మూఁడవసారి త్రవ్విరి. 1985లో దెన్ సమాధికడ డ్రెయర్‌కు దొరకిన ముద్రలో నార్మెర్, అహా, జెర్, జెత్, దెన్ అను పేళ్లు వరుసగా నున్నవి. చివర "రాజమాత మెర్నెయిత్". కఅ అను కడపటిరాజు సమాధికడ దొరకి 1996లోఁ బ్రకటింపఁబడిన ముద్రలో నార్మెర్, అహా, జెర్, జెత్, దెన్, అనెజిబ్, సెమెర్ఖెత్, కఅ అని యెనమండుగురు నున్నారు. ఈ ముద్రలు వేయియేండ్ల తరువాత నెవరో విని వ్రాసినవి కావు. ఆ వంశము నడచుచుండఁగానే శ్మశానాధికారుల కార్యాలయమున వాడినవి. రెంటిలోను నార్మెరే మొదటివాఁడు. ఒకదాని కొకటి విరోధము లేదు. ఇంతకంటె బలమైన ప్రమాణ మింతటి ప్రాచీనకాలమునకు దొరకుట యరుదు.

మెర్నెయిత్ విషయము కొంచెము చెప్పవలెను. ఆమె సమాధి రాజుల సమాధులనడుమ, వానితో సమానమైన పరిమాణమున, నున్నది. దాని ముందటి శిలాఫలకమును జూచి పెట్రీ యామెను బురుషుఁడగు రాజుగాఁ దలఁచెను. దెన్ ముద్ర రాజమాతయని చెప్పుచున్నది. కఅ ముద్రలో నామె పేరు లేదు. కొడుకు బాలుఁడై యుండఁగా రాజ్యము నడపిన తల్లిగా నామెను దలంచుట యుక్తము. రాజ్యము చేసినను రాజసంఖ్యలోఁ జేరలేదు. పట్టిక యనునది రాజ్యము చేసినవారి జాబితా కాదు, రాజులని యొప్పుకొనఁబడినవారి జాబితా యని యిందువలనఁ దెలియును.

మఱి మెని యెవరు? ముద్రలలో నెనమండుగురు, గోడపై నెనమండుగురు. కైరో తునుకయందు జెర్ రాజునకు "ఇతి" యను పేరు స్పష్టముగాఁ గలదు. గోడపై ఇతి మూఁడవవాఁడు. ముద్రలలో జెర్ మూఁడవవాఁడు. కాఁబట్టి మొదటివాఁడగు మెని నార్మెరే, రెండవవాఁడగు తెతి అహాయే కావలెను. నకాదాలో దొరకిన దంతఫలకముపై అహా పేరుప్రక్కన "మెన్" అను నక్షరములుండుటచే అహాయే మెని యని యొక పక్షము చిరకాలము నడచినది. ఆ పక్షమున తెతి యను నింకొక యల్పకాలికుఁడగు రాజును గల్పింపవలసివచ్చును. అట్టివాఁడు ముద్రలలో లేఁడు. కల్పనాగౌరవముకంటె లాఘవమే మేలుగాన నేను మొదటి పక్షమునే గ్రహించుచున్నాను.

ఇచ్చట మనవారిలోఁ గొందఱి యుత్సాహమును వారింపక తప్పదు. మెనేసు మన మనువే యని పలుమాఱు వింటిని. "మెనేసు" అనుదాని తుది సకారము గ్రీకు ప్రథమావిభక్తి ప్రత్యయము. దానిని దీసివేయఁగా మిగులునది మెని. దానికి మూలముగాఁ జెప్పఁబడు "మ్-న్" ధాతువున కా భాషలో నిలుచుట, స్థిరమగుట యని యర్థము. మనుశబ్దమో జ్ఞానార్థకమగు మనధాతువునుండి పుట్టినది. భాషాకుటుంబములు వేఱు, అర్థములు వేఱు. రెండు హల్లులు కలిసినంతమాత్రమున రాజు లొక్కరగుదురా?

మెని మొట్టమొదటి రాజనుటయు సంప్రదాయమేకాని పూర్ణసత్యము గాదు. ఆ శ్మశానముననే ఇరి-హోర్, క అను నార్మెరుకుఁ బూర్వపు రాజుల సమాధులున్నవి. 1988లోఁ బయల్పడిన యూ-జే అను సమాధి వీరికంటెను బ్రాచీనము. అందలి చిన్న దంతపుఁ జీట్లపైఁ జెక్కిన గుఱుతులు వారి లిపికిఁ దొలిరూపములు. మెంఫిసు నగరమును నైలునది కడ్డకట్టవేసి మొదటిరాజే కట్టించెనని హెరోడోటసు విన్నాఁడు. కాని సినాయి ద్వీపకల్పమున 2012లోఁ గనుఁగొన్న ఱాతివ్రాఁతలో ఇరి-హోర్ పేరును, "తెల్లగోడలు" అను మెంఫిసు ప్రాచీననామమును గలవు. నగరము రాజుకంటెఁ బెద్దదైనది.

క్రమ మిట్లు స్థిరపడిన తరువాతనే సంఖ్యకు మార్గము దొరకినది. జీవము గల వస్తువు లన్నిటిలోను గర్బనము 14 అను భేదము కొంచె ముండి, ప్రాణము పోయినది మొదలు 5730 ఏండ్లకు సగమగునట్లు క్షయించుచుండును. మిగిలినదానిని గొలిచి కాలము కట్టుదురు. దూలమును గొలిచినచో నది చెట్టు వయస్సేకాని గోరీ వయస్సు కాదు. కాఁబట్టి గింజలు, బుట్టలు, నారబట్టలు మొదలగు నొక్కయేఁటి పంటలే తగినవి. అయినను విడివిడిగాఁ దీసికొన్న వస్తువున కొక్కొక్కదానికి శతాబ్దమునకు మించిన సందేహముండును. 2013లో మైకేల్ డీ మొదలగువారు ప్రకటించిన పద్ధతిలో నట్టి కొలతల ననేకములను రాజుల క్రమముతోఁ బొందించిరి. జెర్ కాలపు వస్తువు దెన్ కాలపు వస్తువుకంటె ముందుదై తీరవలెనను నియమమును గణితములోఁ బెట్టిరి. నియమమునకు విరోధించు కాలములు తొలఁగిపోఁగా మిగిలిన హద్దు లివి: అహా రాజ్యారంభము క్రీ. పూ. 3111కును 3045కును నడుమ నుండుటకు నూటికి 68 పాళ్లు సంభావ్యత. చూడుఁడు: యంత్రశాలకుఁగూడ మట్టిముద్రలోని వరుసయే కావలసివచ్చినది.

ఈ సంఖ్యను జూచి కలియుగారంభమగు 3102 జ్ఞప్తికి రానివాఁడు మనలో నుండఁడు. నాకును వచ్చినది. ఆ 3102 గ్రహములస్థానములను వెనుకకు లెక్కించి జ్యోతిశ్శాస్త్రజ్ఞు లేర్పఱచిన యాది. ఇది గింజలను గొలిచి కట్టిన హద్దు. రెంటికి సంబంధము లేదు. దీనిపై నెవరును వ్యాసము వ్రాయకుందురుగాక.

ఇఁక ట్యూరిన్ లేఖకుని 955. ఎనిమిదవ వంశాంతమును గొన్ని దశాబ్దములటునిటుగా క్రీ. పూ. 2160 అని చెప్పుదురు. దానికి 955 కలిపినచో 3115 వచ్చును. అది మెనికి, అనఁగా అహాకు ముందున్న నార్మెరుకు, ఆదియగును. కొలతలతో నిది చక్కఁగాఁ బొసఁగుచున్నది. మనేథో సంఖ్యలట్లు పొసఁగవు. 253ను 302ను గూడినచో 555. మెనేసునకుఁ జెప్పిన 62 తీసివేసినచో అహా మొదలు రెండవ వంశాంతమువఱకు 493. మూఁడవ వంశపు జోసెర్ రాజ్యారంభము 2691కును 2625కును నడుమనని 2010లోఁ బ్రకటించిన కొలతలవలనఁ దెలియును. రెండు హద్దులకు నడిమి సంఖ్యలను దీసికొన్నచో అహాకును జోసెరునకును నడుమ నుండునది సుమారు 420 ఏండ్లే. డెబ్బదియేండ్లు మనేథోలో నధికముగా నున్నవి. సెమెర్ఖెత్ విషయమున నట్టి యధికములో నొకభాగమును మనము చూచితిమి.

మిగిలిన భాగము రెండవ వంశమునుండి తీయవలసియుండును. కాని యచ్చటఁ గ్రమమే కుదురలేదు. మొదటి మువ్వురు, హోతెప్సెఖెమ్వి, రానెబ్, నినెచెర్ అనువారు, కైరోలోని యొక యర్చకుని ఱాతిప్రతిమ భుజముపై నావరుసనే చెక్కఁబడియున్నారు. కడపటివాఁడు ఖాసెఖెమ్వి. ట్యూరిన్ పాపిరసు అతనికిని జోసెరునకును నడుమ నెబ్కా యను రాజునకు 19 ఏండ్లిచ్చినది. కాని ఖాసెఖెమ్వి సమాధికడఁ ద్రవ్వఁగా దొరకిన ముద్రలు జోసెరువి. ఉత్తరక్రియలు చేసినవాఁడు వెంటనే తరువాతిరాజగుటచే నా 19 ఏండ్లను నచ్చటినుండి తొలఁగింపవలసివచ్చినది. నినెచెరునకును ఖాసెఖెమ్వికిని నడుమ వెనెగ్, సెనెద్, సెఖెమిబ్, పెరిబ్సెన్ అను పేళ్లున్నవి. పెరిబ్సెన్ తన పేరిపై డేగకు బదులు సేత్ దేవతయొక్క మృగమును నిలిపెను. వీరిలో నెవరు ముందు, ఎవరు వెనుక, ఎవరు దక్షిణమున, ఎవ రుత్తరమున నేకకాలమున నేలిరో చెప్పఁగల ముద్ర యింకను మంటిలోనే యున్నది.